లోపలి అంపైరు, బయటి అంపైరు

తెనాలి కొత్తపేటలో పాండురంగారావు మేడ మీద నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు వేల అయిదు నాటికి నేర్చుకునేవాళ్ల కంటే మిషన్లే ఎక్కువ. ఒకప్పుడు లోయర్, హయ్యర్ పరీక్షల ముందు పిల్లలు మెట్ల మీద దాకా నిలబడి, వంతు కోసం కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు గుడ్డ కప్పితే మిషన్ల మీద దుమ్ము, గుడ్డ తీస్తే ఆయన మీద దుమ్ము. అయినా ఆయన దిగులు పడలేదు. టైపు ఆయనకి తిండి పెట్టే పని మాత్రమే. ఆయన అసలు పని అంపైరింగు. ఆ పని ఊళ్లో ఎవరూ ఇవ్వడం లేదు. దిగులంతా దానికే.

క్రికెట్ ఆడాలని ఆయనకి ఏనాడూ లేదు. చిన్నప్పుడు కూడా బ్యాటు చేతికిస్తే పక్కవాడికి అందించి, తను వెళ్లి బౌలరు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆట నియమాలన్నీ నోటికి వచ్చు. భార్య రాజరాజేశ్వరి పొద్దున్నే స్తోత్రం చదివినట్టు ఆయన నియమాలు చదువుతాడు. ఆవిడ పాలు పొంగితే మధ్యలో లేస్తుంది. ఆయన లేవడు.

తెనాలిలో ఆదివారాలు లీగు మ్యాచులు జరుగుతాయి. కమిటీ సెక్రటరీ సుందరయ్యకి సిమెంటు కొట్టు ఉంది. పాపం పోనీలే అని ఒకేఒక్కసారి పాండురంగారావుని అంపైరుగా నిలబెట్టాడు. టోర్నమెంటుకి కప్పులు కొనిచ్చిన కాంట్రాక్టరుగారి అబ్బాయి ఆ రోజు సెంచరీ కొట్టాడు. విరామంలో అందరూ పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే పాండురంగారావు జేబులోంచి టేపు తీసి పిచ్ కొలిచాడు. జానెడు తక్కువ వచ్చింది.

“ఈ ఇన్నింగ్సు చెల్లదు,” అన్నాడు.

“ఏంటి చెల్లనిది?” అన్నాడు సుందరయ్య, పులిహోర నోట్లో ఉండగానే.

“మొత్తం. సెంచరీతో సహా. మళ్లీ మొదట్నుంచి ఆడాలి.”

“జానెడేగా పాండురంగం!”

“జానెడైతే ఏంటి? తక్కువ తక్కువే.”

కాంట్రాక్టరుగారు కప్పులన్నీ కారు డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాండురంగారావు తెల్లకోటు బీరువాలో రాజరాజేశ్వరి పట్టుచీరల మధ్య కాపురం పెట్టింది. నెలకోసారి ఆవిడ దాన్ని ఎండలో వేసేది. ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఇక మిషన్ల మీద నమ్మకం పెట్టుకోలేక హాల్లో సగం శ్రీహర్షకి అద్దెకిచ్చాడు. శ్రీహర్ష ఆయన పాత శిష్యుడే. బీకాం మధ్యలో వదిలేసి, ఇంట్లో తిట్లు తినలేక, నాలుగు కంప్యూటర్లు తెచ్చి నెట్ సెంటర్ పెట్టాడు. నెట్ సెంటర్ అన్న మాటే గాని అక్కడ జరిగేదంతా క్రికెట్ గేమ్. కుర్రాళ్లు కీబోర్డు మీద వేళ్లతో సిక్సులు కొడుతుంటే, తడిక అవతల పాండురంగారావు ఆ టకటకలు విని, “కుడిచేతి చిటికెన వేలు అసలు వాడటంలేదు వెధవలు,” అని బాధపడేవాడు.

ఆ గేమ్ ఆడేవాళ్లందరికీ ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. రచ్చబండ లాంటిదే, కాకపోతే కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడరు. ఆటగాళ్లకి కొత్త జెర్సీలు తయారు చేసేవాళ్లు, మొహాలు మార్చేవాళ్లు, వాళ్లలో వాళ్లు లీగు పెట్టుకుని ఆడేవాళ్లు, ఏ పనీ లేక తిట్టుకునేవాళ్లు అందరూ అక్కడే. ఒక మధ్యాహ్నం శ్రీహర్ష తడిక మీంచి తల పెట్టాడు.

“మాస్టారూ, ఆడుతూ ఆడుతూ ఓడిపోతున్నాడని ఒకడు మధ్యలో వెళ్లిపోతే గెలుపు ఎవరిదండి?”

“ఎక్కడికి వెళ్లాడు?”

“ఎక్కడికీ పోలేదండి. నెట్టు వైరు పీకేశాడు. బ్రిస్‌బేన్లో గేట్లు వెల్డింగు చేసే ఒకాయనా, లీడ్సులో బస్సు నడిపే ఇంకొకాయనా. వారం నుంచి ఫోరంలో ఇదే గొడవ. వైరు పీకలేదు, కుక్క తన్నిందంటాడు బస్సాయన.”

పాండురంగారావు కుర్చీలోంచి లేచాడు. “ఆడనని వెళ్లిపోయిన జట్టు ఓడినట్టు. ఇరవై ఒకటో నియమం. కుక్క తన్నిందో, మనిషి తన్నాడో అంపైరు విచారించాలి. ఏదీ, జరుగు.”

కూర్చున్నాడు. కీబోర్డు వంక చూడకుండా, గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ, చినుకులు రాలినట్టు టైపు చేశాడు. ఆయనకి తెలిసిన ఇంగ్లీషు ఉత్తరం ఒకటే, హయ్యర్ పరీక్షకి నేర్పించేది. దాంతో ఫోరంలో ఇలా పడింది: అయ్యా, పై విషయమై తమకు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా, కుక్క వయసు, కుక్క ఆ గదిలోకి వచ్చిన వేళ, వైరుకూ కుక్కకూ మధ్య దూరం తిరుగు టపాలో తెలియజేయవలెను. తమ విధేయుడు, బి. పాండురంగారావు, అంపైరు, తెనాలి.

ఒక పూట గడిచింది. తర్వాత బస్సాయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అయ్యా, విధేయతతో ఒప్పుకునేది ఏమనగా, నాకు కుక్క లేదు.

అంతే. ఆ రోజు నుంచి ఆయన ఆ ఫోరంకి అంపైరు. ఏ గొడవ వచ్చినా “మాస్టారుకి వదిలేద్దాం” అనడం అలవాటైంది. రెండు బూతులు తప్ప మూడో మాట రాయని వెల్డింగాయన కూడా “సవినయంగా విన్నవించుకునేది” అని మొదలుపెట్టి, ఆ తర్వాతే బూతులు రాయడం నేర్చుకున్నాడు. పాండురంగారావు పొద్దున్నే స్నానం చేసి, బీరువాలోంచి కోటు తీసి తొడుక్కుని, మేడ మెట్లెక్కి నెట్ సెంటర్లో కూర్చునేవాడు. గేమ్ మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఆడమంటే, “అంపైరు ఆడకూడదు,” అనేవాడు.

“జీతం ఎంతిస్తారండీ?” అని అడిగింది రాజరాజేశ్వరి.

“జీతమేంటి? మాట ఇస్తారు. నేనంటే అంతే, ఇంక ఎదురుండదు.”

“అదృష్టవంతులు. ఇంట్లో ఆ భాగ్యం నాకు ఉండబట్టి సరిపోయింది,” అంది ఆవిడ.

చిక్కు గౌరవంతోనే వచ్చింది. ఆయన చేసిన సేవకి ఫోరం వాళ్లంతా కలిసి ఏదైనా ఇవ్వాలనుకున్నారు. శాలువా కప్పడానికి భుజం దొరకదు కదా. దాంతో శ్రీహర్ష ఒక ప్యాచ్ తయారు చేశాడు. ప్యాచ్ అంటే గేమ్‌కి బయటివాళ్లు కుట్టే మాసిక. ఆయన్ని స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయించి, గేమ్‌లో బౌలరు పక్కన నిలబడే అంపైరు మొహం పీకేసి ఈయన మొహం అతికించాడు. మీసం, కళ్లజోడు, నుదుటి మీద విభూతి, అన్నీ దిగాయి. చేతులు మాత్రం పాత అంపైరువే ఉండిపోయాయి. అవి ఎర్రగా, పొడుగ్గా, ఎవరో దొరవి. విభూతి పెట్టుకున్న దొర మెల్బోర్న్ మైదానంలో వేలెత్తుతుంటే పాండురంగారావు తెర మీదకి వంగి, తన చేతులు దాని పక్కన పెట్టి చూసుకున్నాడు.

“చేతులు నావి కావు,” అన్నాడు చివరికి.

“చేతులదేముంది మాస్టారూ, మొహం మీదేగా,” అన్నాడు శ్రీహర్ష.

ఆ ముక్క అన్నందుకు తర్వాత ఇద్దరూ చాలా అనుభవించారు.

ఆ ప్యాచ్ సీడీల్లో కాపీ అయి ఊళ్లు పట్టుకుని తిరిగింది. బాపట్ల కాలేజీ హాస్టళ్లకి వెళ్లింది. రేపల్లె వెళ్లింది. అక్కడి నుంచి నిజాంపట్నం దాకా పోయి, పడవలు సముద్రంలోకి వెళ్లని రోజుల్లో హార్బరు కుర్రాళ్లు కూడా పాండురంగారావు ఎదుట బ్యాటింగ్ చేశారు. మంచిదే. ఇబ్బందల్లా ఆ గేమ్‌కి ఎల్‌బీడబ్ల్యూ, అంటే వికెట్లకి వెళ్లే బంతికి కాలు అడ్డుపడితే ఔటివ్వడం, సరిగ్గా రాకపోవడం. బంతి లెగ్ స్టంపు బయట పడి కాలికి తగిలితే ఔటివ్వకూడదు. బడిపిల్లాడికైనా తెలుసు. గేమ్‌కి బుద్ధి పుడితే నాటౌట్, లేకపోతే ఔట్. అదివరకు తిట్లన్నీ గేమ్ చేసిన కంపెనీకి పోయేవి. ఇప్పుడు వేలెత్తేవాడికో మొహం, ఒక ఊరు, ఒక వీధి ఉన్నాయి.

మొదటి ఫిర్యాదు కూరల మార్కెట్లో రాజరాజేశ్వరికి అందింది. దొండకాయలు ఏరుకుంటుంటే ఒక కుర్రాడు దగ్గరికొచ్చాడు.

“అమ్మా, మీరు మాస్టారి భార్య కదండీ? మాస్టారు నన్ను నిన్న అన్యాయంగా ఔటిచ్చారండి.”

“ఎప్పుడు బాబూ?”

“మధ్యాహ్నం భోజనాలయ్యాకండి.”

“ఆ వేళప్పుడు ఆయన నిద్రపోతున్నారే!”

“నేననేదీ అదేనమ్మా!”

ఆవిడ ఇంటికొచ్చి సంచి కింద పెట్టకుండానే అడిగింది. “ఏవండీ, నిద్రలో ఎవర్నైనా ఔటిచ్చారా?”

ఆయన నవ్వలేదు. తన మీద ఏ అపవాదు వేసినా భరించేవాడు గాని, అంపైరింగు మీద కాదు. సాయంత్రానికి ఫోరం తెరిస్తే అక్కడ ఇంకా ఎక్కువున్నాయి. అందరూ మర్యాదగానే రాశారు. సవినయంగా విన్నవించుకునేది ఏమనగా, తమరికి కళ్లు కనబడుట లేదా?

“తీసెయ్, నా మొహం తీసెయ్,” అన్నాడు శ్రీహర్షతో.

“ఇక్కడ తీసేస్తానండి. సీడీలు ఎన్ని ఊళ్లు తిరిగాయో నాకేం తెలుసు? పాలల్లో కలిసిన నీళ్లని తీయమంటే ఎలాగండి?”

నిజం చెప్పాలంటే తీయించుకోవాలని ఆయనకీ పూర్తిగా లేదు. ఎవరూ లేనప్పుడు తెర ముందు కూర్చుని, శ్రీహర్ష చేత ఒక ఓవరు వేయించుకుని, తన మొహం వంక చూసుకునేవాడు. “విభూతి కాస్త చెదిరినట్టుంది,” అనేవాడు.

చివరికి ఆయనకి తోచిన దారి ఒకటే. తప్పు జరిగితే అంపైరు వెళ్లి చెప్పుకోవాలి. బాపట్ల రైలెక్కాడు. అక్కడ వ్యవసాయ కాలేజీలో చదివే మేధ, ఫోరంలో అందరికంటే ఘాటుగా రాసింది. అమృతలూరు అమ్మాయి. అన్నదమ్ములతో కోతైన పొలాల్లో బౌలింగ్ చేస్తూ పెరిగింది. కాలేజీ గేటు దగ్గర తెల్లకోటు వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఎవరో పశువుల డాక్టరనుకుంది.

“అమ్మా, మొన్న మిమ్మల్ని ఔటిచ్చినందుకు విచారిస్తున్నాను,” అన్నాడాయన.

మేధ ఆయన మొహం పోల్చుకుని నోరు తెరిచింది. “ఇందుకోసం రైలెక్కి వచ్చారా మాస్టారూ? ఇచ్చింది మీరు కాదు కదండీ.”

“కాదు.”

“మరి విచారం దేనికండి?”

“ఇచ్చినవాడికి నోరు లేదమ్మా.”

రేపల్లెలో ఫహీం అంత తేలిగ్గా వదల్లేదు. సెల్‌ఫోన్ల రిపేరు షాపు వాడిది. ఫోరంలో లీగు మ్యాచులు మేధ తర్వాత వాడే ఎక్కువ గెలిచాడు. విప్పిన ఫోను బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవరు ఊపుతూ అడిగాడు.

“మీరు ఇవ్వలేదంటారు.”

“లేదు బాబూ.”

“మరి అక్కడ మీ మొహం ఎందుకుందండీ? నా షాపు బోర్డు మీద ఫహీం అని ఉంది. ఫోను పాడైతే, పాడుచేసింది ఫహీం కాదు, బోర్డు మాత్రమే ఫహీందంటే ఊరుకుంటారా కస్టమర్లు?”

పాండురంగారావు జవాబు కోసం తిరుగు రైల్లో వేమూరు దాటేదాకా వెతికాడు. దొరకలేదు.

ఇంతలో వేసవి టోర్నమెంటు వచ్చిపడింది. తెనాలిలో నిలబడే ఇద్దరు అంపైర్లలో ఒకాయనకి కామెర్లు. కాంట్రాక్టరుగారు ఆ ఏడు వేరే ఊరి కప్పులు చూసుకుంటున్నాడు. అడ్డం తొలగింది. పాండురంగారావు సిమెంటు కొట్టుకి వెళ్లి సుందరయ్య ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో నోరు తెరిచి అడగడం అదే మొదలు.

“సుందరయ్యా, ఈసారి నన్ను నిలబెట్టు. పిచ్ ముందు రోజే కొలుచుకుంటాను.”

“పిచ్ సంగతి అలా ఉంచు. నీకు ఎల్‌బీ రాదటగా?” అన్నాడు సుందరయ్య. “మావాడే చెప్పాడు. ఊళ్లో పిల్లలంతా నిన్నే తిడుతున్నారు.”

“అది నేను కాదు, కంప్యూటరు.”

“కంప్యూటరు మొహానికి విభూతి ఉంటదా? నాకు చూపించాడు మావాడు.”

“సరే, ఆదివారం రా. మా మేడ మీద మేధకీ ఫహీంకీ ఫైనలు. బాపట్లకీ రేపల్లెకీ మధ్య అని తెనాలి పెట్టుకున్నారు. లోపల వాడు తప్పు తీర్పిస్తే పక్కన నిలబడి నేను సరిదిద్దుతాను. నీ కళ్లతో చూడు. చూశాక నిలబెట్టాలో వద్దో నువ్వే చెప్పు.”

సుందరయ్య చెవిలో అగ్గిపుల్ల తిప్పుకున్నాడు. “టిఫిను పెడతావా?”

“పెడతాను.”

“వస్తా.”

ఆదివారం పొద్దున రెండు రైళ్ల నుంచి ఇద్దరు ఆటగాళ్లు దిగారు. హాలు నిండిపోయింది. గుడ్డలు కప్పిన టైపు మిషన్ల మీద కూడా జనం కూర్చుంటే పాండురంగారావు కసిరి దింపాడు. సుందరయ్యకి ముందువరసలో ఫ్యాను కింద కుర్చీ. రాజరాజేశ్వరి ఇడ్లీలు పంపింది. శ్రీహర్ష పక్క కంప్యూటర్లో ఫోరం తెరిచి, జరిగేది జరిగినట్టు రాస్తున్నాడు. వెల్డింగాయన, బస్సాయన అక్కడ కాచుకుని ఉన్నారు. పాండురంగారావు కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, తెరకి ఎడం పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆట బాగానే సాగింది. మేధ ముందు ఆడింది. ఫహీం తరుముతూ తరుముతూ ఆఖరి ఓవరు దాకా వచ్చాడు. ఆఖరి జోడీ మిగిలింది. మూడు బంతులు, నాలుగు పరుగులు. మేధ మీట నొక్కింది. బంతి వచ్చి లెగ్ స్టంపుకి బెత్తెడు బయట పడి, లోపలికి తిరిగి, ఫహీం బ్యాట్స్‌మన్ కాలికి తగిలింది. తెర మీద పాండురంగారావు ప్రత్యక్షమయ్యాడు. నింపాదిగా, ఎర్రటి దొర చెయ్యి పైకెత్తాడు.

“నాటౌట్!” అన్నాడు తెర పక్కన పాండురంగారావు.

హాలంతా గొల్లుమంది. తెర మీద మేధ జట్టు గంతులేస్తోంది.

“అదేంటండీ? ఔటిచ్చి నాటౌటంటారు?” అంది మేధ.

“ఇచ్చింది లోపల ఉన్న నేనమ్మా. తప్పిచ్చాను. బయట ఉన్న నేను మార్చుకుంటున్నాను. వెంటనే అయితే అంపైరు తన తీర్పు మార్చుకోవచ్చు. ఇరవై ఏడో నియమం.”

“వెంటనే ఎక్కడండీ? అక్కడ కప్పు కూడా ఇచ్చేస్తున్నారు!”

నిజమే, తెర మీద కప్పు ఇచ్చేస్తున్నారు. ఫహీం కీబోర్డు వదిలి లేచాడు. “మాస్టారు నాటౌటన్నారు. ఇంక కంప్యూటరుతో నాకేంటి పని?”

“అంటే మొన్న మాస్టారు మీ షాపుకి వచ్చినప్పుడు లోపలున్నది ఆయనే అన్నావట. ఇవాళ కాదా?” అంది మేధ.

ఫహీం తల గోక్కున్నాడు. “ఆ రోజు ఔటయ్యానండీ మరి.”

ఫోరంలో వెల్డింగాయన లోపలి అంపైరు పక్షం, బస్సాయన బయటి అంపైరు పక్షం చేరి, సవినయంగా ఒకరి తల్లిని ఒకరు తలుచుకుంటున్నారు. సుందరయ్య ఇడ్లీ తుంచుతూ, “తేల్చు పాండురంగం, తేల్చు,” అంటున్నాడు. గేమ్ వెనక్కి వెళ్లదు. అయిపోయింది అయిపోయినట్టే. పాండురంగారావు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, నియమాలన్నీ ఈ చివర్నుంచి ఆ చివర దాకా చూసుకున్నాడు. ఇలాంటి దానికి ఎక్కడా ఏమీ లేదు.

“ఆట ఆగింది గాని అయిపోలేదు. ఉన్న బంతులు రెండు. కావలసింది నాలుగు. కిందికి దిగండి,” అన్నాడు.

“కిందికెందుకండీ?” అన్నాడు ఫహీం.

“యంత్రం చెడిపోతే ఆట ఆగుద్దా? రోడ్డు మీద ఆడదాం.”

“మాస్టారూ, నేను బ్యాటు పట్టుకుని ఏళ్లయిందండీ! నా వేళ్లకి తెలుసు గాని నాకు తెలీదు!”

ఎవరూ వినలేదు. హాలంతా మెట్ల మీంచి దడదడా దిగింది. ఎదురింటి కుర్రాళ్ల బ్యాటు వచ్చింది. టెన్నిస్ బంతి వచ్చింది. వికెట్లకి ఇన్‌స్టిట్యూట్ స్టూళ్లు రెండు, వాటి ముందు సుద్దగీతలు. పాండురంగారావు టేపు తీశాడు. కొలత సరిగ్గా వెళ్లి, మెట్ల పక్కన టీ అమ్మే మాణిక్యాంబ పొయ్యి మధ్యలో ఆగింది.

“అమ్మా, పొయ్యి జరపాలి.”

“ఓ అడుగు ఇటు పెట్టుకోరాదా మేష్టారూ?”

“కుదరదమ్మా.”

“మీ కొలతలు పాడుగాను,” అంటూనే ఆవిడ మసులుతున్న గిన్నె దించింది. ఇద్దరు పట్టి బల్లని గోడవారకి ఈడ్చారు. ట్రాఫిక్ ఆపడానికి ఎవరూ అక్కర్లేకపోయింది. ఆగినవాళ్లంతా చూసేవాళ్లే అయ్యారు.

మేధ చున్నీ నడుముకి బిగించి, సైకిల్ స్టాండు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. మొదటి బంతి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో ఫహీంకి తెలియలేదు. వాడి బొటనవేలు మాత్రం బ్యాటు పిడి మీద లేని మీట కోసం వెతికింది. ఇక ఒక్క బంతి. నాలుగు పరుగులు. రెండోది వచ్చింది. ఈసారి వాడు కళ్లు మూసుకుని ఊపాడు. తగిలింది. బంతి జనం కాళ్ల మధ్య నుంచి, ఒక రిక్షా కింద నుంచి దొర్లుకుంటూ పోయింది. ఫహీం పరుగు తీశాడు. ఒకటి. రెండు. మేధ తనే బంతి వెంట పడింది. మూడు. నాలుగో పరుగుకి వాడు సగం దూరంలో ఉండగా ఆ అమ్మాయి రిక్షా పక్కన మోకాలు ఆనించి బంతి విసిరింది. ఫహీం బ్యాటు చాచి ముందుకి పడ్డాడు. స్టూలు ఎగిరి పడింది.

వీధి మొత్తం ఒక్కడి వంకే చూసింది. పాండురంగారావు అప్పటికే పక్కకి పరిగెత్తి, గీతకి సమంగా, నడుం వంచి నిలబడి ఉన్నాడు. ఎక్కడ నిలబడాలో అక్కడే. బ్యాటుకీ గీతకీ మధ్య వేలెడు రోడ్డు కనబడింది.

వేలెత్తాడు.

దుమ్ములో బోర్లా పడి ఉన్న ఫహీం తల తిప్పి గీత వంక చూశాడు. “ఔటేనండి,” అన్నాడు. “నాకూ తెలిసింది.” మేధ వెళ్లి చెయ్యి ఇచ్చి లేపింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరి కోసం కొడుతున్నారో వాళ్లకీ తెలియదు. పాండురంగారావుకి మాత్రం తెలిసింది. ఒక నిజం ఆట, ఒక నిజం తీర్పు, ఒక్కడు ఎదురు చెప్పలేదు. ఇంతకన్నా ఋజువేం కావాలి? సుందరయ్య కోసం చుట్టూ చూశాడు.

సుందరయ్య లేడు.

సుందరయ్య మేడ మెట్ల మీద ఉన్నాడు. చట్నీ అంటిన చేత్తో రెయిలింగు పట్టుకుని, మొహం జేవురించి దిగొస్తున్నాడు. అందరూ కిందికి పోయాక, ఖాళీ కంప్యూటరు, ఫ్యాను గాలి, మిగిలిన ఇడ్లీలు చూసి, ఎండలోకి ఏం పోతాంలే అని అక్కడే ఉండిపోయాడు. ఊరుకోకుండా మీటలు నొక్కాడు. కొత్త ఆట మొదలైంది.

“ఏం పాండురంగం! నన్నే ఔటిస్తావా?” అన్నాడు సగం మెట్ల మీంచే. “మొదటి బంతికే! ఇడ్లీ పెట్టి పిలిచి మరీ ఔటిస్తావా?”

పాండురంగారావు మెట్లకి ఎదురెళ్లాడు. “ఇక్కడిది చూళ్లేదా నువ్వు?”

“ఇక్కడేం జరిగింది?”

ఏమని చెబుతారు? పాండురంగారావు కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.

“ఎలా ఔటయ్యావు?”

“ఎల్‌బీ అని పడింది. నువ్వే వేలెత్తావు. విభూతితో సహా.”

“బంతి ఎక్కడ పడింది?”

“నా ఎదురుగుండానే.”

“ఎటు పక్క?”

“ఏ పక్కా కాదు, నడిమధ్య.”

“బ్యాటుకి తగిలిందా?”

“బ్యాటు ఎత్తే మీట ఏదో నాకెవడు చెప్పి చచ్చాడు? కాలికి తగిలింది.”

“కాలు ఎక్కడుంది?”

“వికెట్ల ముందే. ఇంకెక్కడుంటది?”

ఫహీం దుమ్ము దులుపుకుంటూ దగ్గరికొచ్చాడు. చెవిలో గుసగుసగా, “నాటౌట్ అనెయ్యండి మాస్టారూ. లోపలున్నవాడు తప్పిచ్చాడనండి. రోజూ అంటున్నదేగా,” అన్నాడు. శ్రీహర్ష మెట్ల పక్క నుంచి తల ఊపుతూ, అనమని చేత్తో సైగ చేశాడు. మేధ కూడా పెదవులు కదిలించింది. అనెయ్యండి.

అనేయొచ్చు. ఒక్క మాట. అంటే వచ్చే ఆదివారం టోర్నమెంటు మైదానంలో ఉంటాడు. ఎండలో, నిజం వికెట్ల వెనక, నిజం కోటుతో. సుందరయ్యకి కావలసింది కూడా అదే. మొహం మీద రాసి ఉంది.

పాండురంగారావు ఆ బంతిని మనసులో ఒకసారి వేసుకున్నాడు. నడిమధ్య పడింది. కాలికి తగిలింది. కాలు వికెట్ల ముందుంది. ఇంకోసారి వేసుకున్నాడు. అదే.

“ఔటే సుందరయ్యా,” అన్నాడు.

“ఏంటి?”

“ఔటే. అది నేనే ఇచ్చాను.” చెయ్యి పైకి లేచింది. మొహం ఆయనదే, ఈసారి చెయ్యి కూడా ఆయనదే. చూపుడువేలు సుందరయ్య ముక్కుకి ఎదురుగా నిటారుగా నిలబడింది.

సుందరయ్య ఆ వేలు వంక, ఆ మొహం వంక, చప్పుడు చేయకుండా నవ్వాపుకుంటున్న జనం వంక చూశాడు. “ఇక మైదానం ఛాయలకి రాకు,” అన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే స్కూటరెక్కాడు.

“రాను,” అన్నాడు పాండురంగారావు. చెయ్యి దించలేదు. ఔటైనవాడు మైదానం దాటేదాకా అంపైరు అలాగే నిలబడాలని ఆయన పట్టింపు. స్కూటరు వీధి మలుపు తిరిగింది. అయినా దించలేదు.

“మేష్టారూ, ఆ వేలు దించి ఈ బల్లకి ఓ చెయ్యి వెయ్యండి,” అంది మాణిక్యాంబ. “టీ ఆరిపోతోంది.”